ఒకట్లు వస్తే ఊగే కాటా: అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లు కలిసే చోటుపై ఒక కేసు

ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపప్పు గ్రేడింగు చేసి డబ్బాల్లో నింపే ఒక యూనిట్ నుంచి కిందటి వేసవిలో నాకు ఒక ఫిర్యాదు వచ్చింది. 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా, 5 గ్రాముల మెట్టు, అంటే అంకె 5 గ్రాముల చొప్పున మారుతుంది. ఒక బరువు దగ్గర అంకె నిలబడడం లేదు. ఆ కాటా లోపలి సర్క్యూట్ బోర్డును గీసింది నేనే. అలాంటి బోర్డులు అప్పటికి 26 కాటాల్లో ఉన్నాయి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్‌లలో కొన్ని, సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నంలో కొన్ని.

సన్నని కొలత సంకేతాలు (అనలాగ్), ఒకటి-సున్నాల సంకేతాలు (డిజిటల్) రెండూ ఉన్న మిశ్రమ బోర్డులు గీసే వారందరికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆ రెండు భాగాల గ్రౌండ్‌లను, అంటే సున్నా వోల్టుగా లెక్కించే రాగిని, ఎక్కడ కలపాలి? నాకు నేర్పిన జవాబు: రెండిటినీ వేరు చేసి ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు) కింద ఒకే చోట కలపాలి. నేను అక్షరాలా అలాగే చేశాను. ఆ నియమం నా బోర్డును ఎలా దెబ్బతీసిందో, ఎలా కనిపెట్టానో, ఎలా సరిచేశానో పూర్తిగా రాస్తున్నాను. ఇదే పొరపాటు ఇంకా చాలా బోర్డుల్లో ఉందని నాకు గట్టి నమ్మకం.

బోర్డు సంగతి

బరువును వోల్టేజిగా మార్చే లోడ్‌సెల్ 40 కిలోలది. లోపల 350 ఓముల బ్రిడ్జి (నాలుగు రెసిస్టర్ల కూర్పు). వోల్టుకు 2 మిల్లీవోల్టుల చొప్పున ఇస్తుంది. 5 వోల్టులు ఇస్తే నిండు 40 కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్టులు. అంటే కిలోకు పావు మిల్లీవోల్టు, 5 గ్రాముల మెట్టుకు 1.25 మైక్రోవోల్టులు. దాన్ని చదవడానికి 24 బిట్ల డెల్టా-సిగ్మా ఏడీసీ ఉంది. దానికి ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్), డీజీఎన్‌డీ (డిజిటల్ గ్రౌండ్) అని రెండు వేర్వేరు గ్రౌండు కాళ్లు. ఆ పక్కన లెక్కలు చేసి డిస్‌ప్లేలు నడిపే చిన్న మైక్రోకంట్రోలర్, ముందు ఒకటి వెనుక ఒకటి ఎర్ర ఎల్‌ఈడీ డిస్‌ప్లేలు. ఒక్కోదానికి ఆరు అంకెలు. వెనుకవైపు కంప్యూటర్‌కు బరువు పంపే సీరియల్ పోర్టు. కరెంటు పోయినా పని ఆగకుండా లోపల 6 వోల్టుల బ్యాటరీ.

బోర్డు రెండు పొరలది. కింది పొరలో రాగిని రెండు ముక్కలుగా కోశాను. వెనుక సగం అనలాగ్, ముందు సగం డిజిటల్. నడుమ ఒక మిల్లీమీటరు చీలిక. ఏడీసీ సరిగ్గా ఆ చీలిక మీద కూర్చుంది, దాని కింద ఒక జీరో ఓమ్ రెసిస్టరు (నిరోధం దాదాపు లేని వంతెన) రెండు ముక్కలనూ కలుపుతోంది. బ్యాటరీ వైరు, లోడ్‌సెల్ కనెక్టరు, సీరియల్ పోర్టు మూడూ పెట్టె వెనుక పలకకే వస్తాయి కాబట్టి మూడూ వెనుక సగంలోనే, అంటే అనలాగ్ సగంలోనే ఉన్నాయి. ఈ చివరి వాక్యంలోనే జబ్బు ఉంది. గీసేటప్పుడు అది నా కంటికి ఆనలేదు.

వెతుకులాట

మొదటి రెండు రోజులూ తప్పు దారిలో పోయాయి. పై ఫ్యాను ఆపి చూశాం. లోడ్‌సెల్‌లో తేమ చేరిందేమోనని కొత్తది వేశాం. కేబుల్ షీల్డు మళ్లీ టంకం పెట్టాం. ఏ మార్పూ లేదు. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా కొండలా కదలకుండా ఉండేది. అది నన్ను మరింత తికమక పెట్టింది. నాయిస్ అయితే సున్నా దగ్గర కూడా కనబడాలి కదా.

మూడో రోజు చేసిన పని చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది మొదటే చేసే పని అది. రెండు గ్రౌండ్‌ల నడుమ ఉన్న జీరో ఓమ్ రెసిస్టరు తీసి ఫెర్రైట్ బీడ్ పెట్టాను. డిజిటల్ రొద అనలాగ్ వైపు రాకుండా బీడ్ అడ్డుకుంటుందన్నది ఆశ. ఊగడం తగ్గలేదు సరికదా కొత్త రోగం పుట్టింది. 12 కిలోల 400 గ్రాములు పెడితే గంటలో రెండు మూడు సార్లు కనురెప్పపాటు 24.800 కనబడి మళ్లీ మామూలయ్యేది. బరువు సరిగ్గా రెట్టింపు. డేటా ఒక బిట్టు ఎడమకు జరిగితేనే సరిగ్గా రెట్టింపు వస్తుంది. అంటే ఏడీసీ నుంచి బిట్లను ఒక్కొక్కటిగా బయటకు లాగే క్లాకు కాలు మీద మైక్రోకంట్రోలర్ పంపని క్లాకు ఒకటి అదనంగా పడుతోంది. బీడ్ వేగమైన మార్పులకు వందల ఓముల అడ్డు. క్లాకు, డేటా తీగల్లో అవతలికి వెళ్లిన కరెంటు తిరిగి రావలసింది ఆ బీడ్ గుండానే. దారి మూసేసరికి, సంకేతం పైకో కిందికో మారే అంచు వచ్చిన ప్రతిసారీ రెండు గ్రౌండ్‌ల నడుమ వోల్టేజి ఎగిరిపడింది, ఆ ఎగురును ఏడీసీ క్లాకు అనుకుంది. బీడ్ తీసి జీరో ఓమ్ తిరిగి పెట్టాను, రెట్టింపు పోయింది. అప్పటినుంచి ఏడీసీ రెండు గ్రౌండు కాళ్ల నడుమ నేను బీడ్ పెట్టలేదు, పెట్టమని ఎవరికీ చెప్పలేదు.

దారి చూపింది ఆ యూనిట్‌లో డబ్బాలు తూచే ఆవిడ. నిత్యం ఎనిమిది గంటలు ఆ ఎర్ర అంకెల ముందు కూర్చునే మనిషి.

"బాబూ, బరువు ఎక్కువైతే కాదు. ఒకట్లు పడేటప్పుడు ఊగుతుంది. ఎనిమిదులు, తొమ్మిదులు ఉంటే కదలదు" అంది.

"ఏడులు పడేటప్పుడో?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "ఏడుల దగ్గరా కొంచెం ఉంటుంది. ఒకట్ల దగ్గరంత కాదు" అంది.

ఆ మాట వినగానే నా చూపు లోడ్‌సెల్ మీద నుంచి డిస్‌ప్లే మీదకు మళ్లింది. ఒకటి వెలగాలంటే రెండు గీతలు చాలు. ఏడుకు మూడు. సున్నాకు ఆరు, ఎనిమిదికి ఏడు. ఏ అంకె కనబడుతోందన్నదాన్ని బట్టి డిస్‌ప్లే తాగే కరెంటు మారుతుంది. అంటే కాటా చూపించే అంకే కాటా కొలతను కదిపేస్తోంది.

ఆ యూనిట్‌లోనే ఈ లోపం రోజూ ఎందుకు బయటపడిందో కూడా అప్పుడే తెలిసింది. వారు 10 కిలోల డబ్బాలు రెండేసి ఒకేసారి తూస్తారు. ఖాళీ డబ్బా మూతతో 555 గ్రాములు. రెండు డబ్బాలు కలిపి సరిగ్గా 21.110 రావాలి. పప్పు కొద్దికొద్దిగా వేస్తూ 21.105 నుంచి 21.110కి మారే క్షణం కోసం చూస్తారు. 21.105 చూపాలంటే వెలిగే గీతలు 5, 2, 2, 6, 5, మొత్తం ఇరవై. 21.110కి 5, 2, 2, 2, 6, మొత్తం పదిహేడు. బరువు పైమెట్టుకు చేరగానే మూడు గీతలు ఆరిపోతాయి, కరెంటు తగ్గుతుంది, కొలత కాస్త కిందికి జారుతుంది, మళ్లీ 21.105 పడుతుంది, మూడు గీతలు వెలుగుతాయి, కొలత పైకి లేస్తుంది. ఇక అలా రెండిటి మధ్యా ఊగిసలాటే. 320 రకం పప్పు పౌండుకు 320 దాకా తూగుతుంది, అంటే ఒక్కో గింజ సుమారు 1.4 గ్రాములు. ఆవిడ మూడు గింజలు వేయడం, తీయడం, మళ్లీ వేయడం నేను కళ్లారా చూశాను. ఒక్కో జతకు అర నిమిషం వృథా. పైగా తూకం మీద నమ్మకం పోతోంది. తూకం మీద నమ్మకం పోయాక కాటాకు విలువేముంది?

కొలిచి తేల్చింది

ఆవిడ మాట నిజమో కాదో కొలతతో తేల్చాలి. మైక్రోకంట్రోలర్‌లో చిన్న పరీక్ష ప్రోగ్రాము వేశాను. ఐదు సెకన్లు రెండు డిస్‌ప్లేలూ పూర్తిగా ఆరిపోవాలి, ఐదు సెకన్లు అన్నిచోట్లా ఎనిమిదులు వెలగాలి. ఆ సమయంలో ఏడీసీ పచ్చి లెక్కలు కంప్యూటర్‌లో నమోదవ్వాలి. తర్వాత పళ్లెం మీద తూనిక రాళ్లు పెట్టాం.

పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు డిస్‌ప్లే వెలిగినా ఆరినా లెక్క మారలేదు. 10 కిలోల దగ్గర ఎనిమిదులు వెలగగానే లెక్క 9 గ్రాములు పెరిగింది. 20 కిలోల దగ్గర 18 నుంచి 19 గ్రాములు.

ఈ మూడు అంకెలు చాలా విషయం చెబుతాయి. తప్పు సున్నా దగ్గర లేదు, బరువుతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతోంది. అంటే సంకేతానికి ఏదో వచ్చి కలవడం కాదు, సంకేతాన్ని ఏదో హెచ్చవేస్తోంది. ఇలాంటి ఏడీసీ చెప్పే అంకె, లోడ్‌సెల్ ఇచ్చే వోల్టేజికీ రిఫరెన్సుకూ (ఏడీసీ కొలబద్దగా వాడే వోల్టేజికీ) ఉన్న నిష్పత్తి. లోడ్‌సెల్ ఇచ్చే వోల్టేజి దానికి మనం ఇచ్చే సరఫరా వోల్టేజిని, అంటే ఎక్సైటేషన్‌ను బట్టి ఉంటుంది. ఎక్సైటేషన్, రిఫరెన్సు రెండూ ఒకే వోల్టేజి అయితే సరఫరా ఎంత ఊగినా నిష్పత్తి మారదు. కాటా తయారీలో ఉన్న అందమంతా అందులోనే ఉంది. నిష్పత్తి మారిందంటే ఆ రెండూ ఒకటి కావన్నమాట.

నా బోర్డులో పై కొసలు రెండూ ఒకే 5 వోల్టుల తీగకు ఉన్నాయి. కింది కొసలు రెండూ అనలాగ్ గ్రౌండుకే ఉన్నాయి, కానీ వేర్వేరు చోట్ల. లోడ్‌సెల్ నెగటివ్ వెనుక పలక దగ్గర కనెక్టరులో గ్రౌండును తాకుతోంది. ఏడీసీ రిఫరెన్సు నెగటివ్ అక్కడికి ఐదారు సెంటీమీటర్ల దూరాన, ఏడీసీ పక్కన తాకుతోంది. మీటరు నల్ల మొనను కనెక్టరు నెగటివ్ మీద, ఎర్ర మొనను రిఫరెన్సు నెగటివ్ కాలి మీద పెట్టాను. డిస్‌ప్లే ఆరినప్పుడు 0.3 మిల్లీవోల్టులు. ఎనిమిదులు వెలిగినప్పుడు 4.9.

సర్క్యూట్ బొమ్మలో ఆ రెండు చుక్కలకూ పేరొకటే, గ్రౌండ్. బోర్డు మీద వాటి నడుమ దాదాపు 5 మిల్లీవోల్టుల తేడా.

లెక్క కూడా సరిపోయింది. ఒక్కో గీతకు 15 మిల్లీఆంపియర్లు, ఆరు అంకెలను వంతులవారీగా వెలిగిస్తాం కాబట్టి సగటున 2.5. రెండు డిస్‌ప్లేల్లో గీతలు మొత్తం 84. అంటే 210 మిల్లీఆంపియర్లు. పెరిగింది 4.6 మిల్లీవోల్టులు. భాగిస్తే దారి నిరోధం 22 మిల్లీఓములు. 5 వోల్టుల్లో 4.6 మిల్లీవోల్టులు అంటే పదివేలకు తొమ్మిది పాళ్లు. 20 కిలోల్లో అది 18 గ్రాములు పైచిలుకు. ఆవిడ చూసిన 21.110 దగ్గర మూడు గీతల తేడాకు, రెండు డిస్‌ప్లేలకూ కలిపి 15 మిల్లీఆంపియర్లు, 0.33 మిల్లీవోల్టులు, సుమారు 1.4 గ్రాములు. మెట్టు అంచుకు ఆ 1.4 గ్రాముల లోపు బరువు పడితే చాలు, కాటా ఊగుతుంది. సరిగ్గా ఒక జీడిపప్పు గింజ బరువు.

రాగికి నిరోధం ఉంటుందా అని నాతో వాదించిన కుర్రవాళ్లు ఉన్నారు. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో ఏ చతురస్రం తీసుకున్నా, చిన్నదైనా పెద్దదైనా, అంచు నుంచి అంచుకు సుమారు అర మిల్లీఓమ్. ఒక మిల్లీమీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ట్రాకులో (బోర్డు మీది సన్న రాగి బాటలో) అలాంటి చతురస్రాలు యాభై, 25 మిల్లీఓములు. నా అనలాగ్ గ్రౌండు చూడడానికి అరచేయంత వెడల్పు. కానీ కింది పొరలో అటూ ఇటూ లాగిన ట్రాకులు దాన్ని కోసుకుంటూ పోగా, కరెంటు అసలు నడిచే దారి ఒకచోట 1.2 మిల్లీమీటర్లకు సన్నబడింది. కంప్యూటర్ తెరమీద పచ్చగా నిండుగా కనబడే రాగిని చూసి మోసపోకూడదు. ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో దారి గీసి చూడాలి.

ఎందుకు జరిగింది

పక్కపక్కన రెండు చేలు ఉన్నాయి. పై చేనుకు నీరు ఎక్కువ, కింది చేనులో నారుమడి ఉంది. నారు పాడవకూడదని నడుమ గట్టు వేశాం. గట్టుకు ఒకే గండి పెట్టాం. అంతా బాగానే ఉంది. కానీ రెండు చేల నీరూ బయటకు పోయే తూము కింది చేను చివర ఉంది. ఇక పై చేను నీరంతా ఆ ఒక్క గండి గుండా దూకి, నారుమడి మీదుగానే తూముకు పోవాలి. గట్టు నారును కాపాడకపోగా నీటినంతా ఒకే ధారగా చేసి నారు మీదకు తోలింది.

నా బోర్డులో తూము బ్యాటరీ నల్ల వైరు. అది అనలాగ్ సగంలో ఉంది. డిస్‌ప్లేలు, మైక్రోకంట్రోలర్ వాడిన కరెంటు అంతా బ్యాటరీకి తిరిగి చేరాలి. చేరే దారి: డిజిటల్ రాగి, ఏడీసీ కింద జీరో ఓమ్, అక్కడినుంచి అనలాగ్ రాగి పొడవునా నడిచి నల్ల వైరు. రిఫరెన్సు నెగటివ్ ఆ దారి మొదట్లో, లోడ్‌సెల్ నెగటివ్ ఆ దారి చివర. రెండు గ్రౌండ్‌లను ఒకే చోట కలపాలన్న నియమం పాటించాను. ఏడీసీ కింద కలపాలన్న నియమమూ పాటించాను. కరెంటు ఎటు తిరిగి పోతోందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఇక్కడ మాట కూడా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. గ్రౌండ్ అనగానే మనకు నేల గుర్తొస్తుంది. నీరు పోస్తే నేల పీల్చేసుకుంటుంది, ఇక దాని సంగతి మరచిపోవచ్చు. బోర్డు మీద గ్రౌండు ఏమీ పీల్చుకోదు. అది తిరుగుదారి మాత్రమే. నేను కుర్రవాళ్లకు నేర్పేటప్పుడు గ్రౌండ్ అనే మాట తగ్గించి, తిరుగుదారి అనే మాట వాడుతున్నాను. జనం నోట ఉన్న తెలుగులోనే చదువు సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మంచి తెలుగు మాట దొరికితే ఎలక్ట్రానిక్స్ కూడా త్వరగా తలకెక్కుతుందని ఈ ఒక్క మాట నాకు రుజువు చేసింది.

ఏడీసీ కాళ్ల పేర్ల సంగతీ ఇలాంటిదే. ఏజీఎన్‌డీ, డీజీఎన్‌డీ అన్న పేర్లు చిప్పు లోపల ఆ కాలు ఏ భాగానికి పోతుందో చెబుతాయి. లోపలి డిజిటల్ భాగం గుంజే కరెంటు చిప్పును కాలికి కలిపే సన్నని బంధన తీగ మీద వోల్టేజి పుట్టిస్తుంది కాబట్టి అది అనలాగ్ భాగాన్ని తాకకుండా వేరే కాలు ఇచ్చారు. అంతవరకే. డీజీఎన్‌డీ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ కాలిని బోర్డు మీద డిజిటల్ గ్రౌండుకు, అంటే మైక్రోకంట్రోలర్, డిస్‌ప్లేల కరెంటు పారే రాగికి, కట్టమని అర్థం కాదు. ఇలాంటి తక్కువ కరెంటు ఏడీసీల విషయంలో రెండు కాళ్లనూ వీలైనంత దగ్గరగా ఒకే నిశ్శబ్దమైన గ్రౌండుకు కట్టాలి. ఆ ఏడీసీ సొంత డిజిటల్ భాగం తాగే కరెంటు చాలా తక్కువ, దానివల్ల వచ్చే నష్టం లెక్కలోకి రాదు.

సీరియల్ వైరు పెడితే వచ్చే వణుకు

రెండో లోపం చిన్నది, కానీ పాఠం వేరు. కంప్యూటర్ కేబుల్ తగిలించి బరువు పంపుతుంటే చివరి అంకె వెనుక దాగిన లెక్క రెట్టింపు వణికేది. ఇది బరువుతో నిమిత్తం లేకుండా, ఖాళీ పళ్లెం మీద కూడా ఉంది. కాబట్టి మొదటి జబ్బు కాదు.

మైక్రోకంట్రోలర్ నుంచి సీరియల్ చిప్పుకు పోయే ట్రాకు చీలికను దాటుతోంది, జీరో ఓమ్‌కు నాలుగు సెంటీమీటర్ల దూరంలో. డీసీ కరెంటు నిరోధం తక్కువ ఉన్న దారుల్లో పరచుకుని తిరిగి వస్తుంది. వేగంగా మారే కరెంటు అలా కాదు. వెళ్లిన ట్రాకుకు సరిగ్గా కింద, దాన్ని అంటిపెట్టుకుని రావాలని చూస్తుంది, ఎందుకంటే ఆ దారిలో చుట్టు చిన్నది, ఇండక్టెన్సు (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) తక్కువ. కింద రాగి కోసేసి ఉంటే చీలిక చివర దాకా, లేదా వంతెన దాకా పోయి చుట్టి రావాలి. నా బోర్డులో ఆ వంతెన ఏడీసీ కిందే. సీరియల్ చిప్పుకు పోయే ప్రతి అంచూ తన తిరుగు కరెంటును ఏడీసీ పొట్ట కింద నుంచి లాక్కుపోతోంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) నెమ్మది కదా అనుకోవద్దు. ఇక్కడ లెక్కకు వచ్చేది అంచు ఎంత నిటారుగా ఉందన్నది. ఆ మైక్రోకంట్రోలర్ అంచు కొన్ని నానోసెకన్లలో లేస్తుంది.

పాత కాటాలకు చేసిన చికిత్స

26 బోర్డులు మార్చే స్తోమత నాకుగానీ, కాటాలు బిగించే చిన్న సంస్థకుగానీ లేదు. అందుకని ఉన్న బోర్డుకే రెండు పనులు చేశాం. బ్యాటరీ నల్ల వైరును అనలాగ్ సగంలోని ప్యాడ్ నుంచి ఊడదీసి, డిజిటల్ సగంలో డిస్‌ప్లే డ్రైవరు పక్కనున్న గ్రౌండు ప్యాడ్‌కు పెట్టాం. సీరియల్ చిప్పుకు పోయే ట్రాకును కోసేసి, దాని బదులు మెలిపెట్టిన రెండు సన్న వైర్లు వేశాం. ఒకటి సంకేతానికి, రెండోది దాని తిరుగుదారికి.

మొదటి పనికి పది నిమిషాలు పట్టింది. వెంటనే 20 కిలోల రాళ్లు పెట్టి ఎనిమిదుల పరీక్ష చేశాం. 18 గ్రాముల తేడా ఒక గ్రాము లోపుకు దిగింది. ఇప్పుడు వంతెన మీదుగా పోయేది లోడ్‌సెల్ తాగే 14 మిల్లీఆంపియర్లు, మరికొంత చిల్లర. అది మారదు. మారనిది కాలిబ్రేషన్‌లో, అంటే తెలిసిన బరువుతో కాటాను సరిచేసేటప్పుడు, కలిసిపోతుంది. మారేదే మనకు శత్రువు.

ఇంత సులువుగా తీరింది కదా అని ఊరుకోలేకపోయాను. నిజానికి రిఫరెన్సు నెగటివ్‌ను మొదటే లోడ్‌సెల్ కనెక్టరు నెగటివ్ ప్యాడ్ నుంచి విడిగా ఒక సన్న ట్రాకుతో తెచ్చి ఉంటే, బ్యాటరీ వైరు ఎక్కడున్నా ఊగడం రాకపోయేది. రిఫరెన్సు కాలు తాగే కరెంటు దాదాపు లేనట్టే కాబట్టి ఆ ట్రాకు ఎంత సన్నమైనా ఫర్వాలేదు. ఆరు తీగల లోడ్‌సెల్‌లో సెన్స్ తీగలు రెండు అదనంగా ఉండేది ఇందుకే. గ్రౌండు ఎలా ఉన్నా, కొలిచే చోటి నుంచే కొలతను తెచ్చుకోవాలి.

కాటా విషయంలో ఇంకో బాధ్యత ఉంది. తూనికలు కొలతల శాఖ వేసిన సీలు తెంపితేనే లోపలికి చేయి పోతుంది. లీగల్ మెట్రాలజీ చట్టం 2009 ప్రకారం మరమ్మతు లైసెన్సు ఉన్నవారే ఆ పని చేయాలి, చేశాక మళ్లీ సరిచూసి ముద్ర వేయించాకే వ్యాపారానికి వాడాలి. ఆ లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరమే అయినా అటువైపు కాటాలను అక్కడి లైసెన్సు ఉన్న మెకానిక్ చేతుల మీదుగానే తెరిపించాం. టంకం పని పది నిమిషాలు, ముద్రల పని రెండు నెలలు. బోర్డు గీసేటప్పుడు మరో గంట ఆలోచించి ఉంటే ఈ రెండు నెలలు మిగిలేవి.

కొత్త బోర్డు

కొత్త బోర్డులో చీలిక లేదు. అనలాగ్ గ్రౌండు, డిజిటల్ గ్రౌండు అని రెండు పేర్లూ సర్క్యూట్ బొమ్మలోనే తీసేశాను. ఉన్నది ఒకటే గ్రౌండు, కింది పొర మొత్తం. విభజన రాగిలో లేదు, వస్తువుల అమరికలో ఉంది. బ్యాటరీ, ఛార్జరు, డిస్‌ప్లే డ్రైవర్లు, మైక్రోకంట్రోలర్ ఒక వైపు. లోడ్‌సెల్ కనెక్టరు ఎదురు మూలకు. దాన్ని అంటిపెట్టుకుని ఏడీసీ. వెనుక పలకకు కొత్త రంధ్రం వేయాల్సి వచ్చింది. బిగించే సంస్థ మొదట ఒప్పుకోలేదు. ఎనిమిదుల పరీక్ష కళ్ల ముందు చేసి చూపించాక ఒప్పుకున్నారు.

డిస్‌ప్లే కరెంటు ఇప్పుడు తన మూలలోనే పుట్టి తన మూలలోనే బ్యాటరీకి చేరుతుంది, ఏడీసీ వైపు రావడానికి దానికి పనే లేదు. కరెంటు దారి అమరికతోనే తేలిపోయాక కాపలాకు గట్టు అవసరం లేదు. డిజిటల్ ట్రాకులేవీ అనలాగ్ మూలలోకి పోవు. తప్పనిసరిగా పోయేవి క్లాకు, డేటా రెండే. వాటికి పుట్టిన చోట 100 ఓముల రెసిస్టర్లు పెట్టాను, అంచు కాస్త మెత్తబడుతుంది. ఏడీసీ రెండు గ్రౌండు కాళ్లూ చిప్పు పక్కనే వయాలతో (పొరలను కలిపే రంధ్రాలతో) ఒకే గ్రౌండుకు దిగాయి. రెండు సరఫరా కాళ్లకూ విడివిడిగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, కాలికి రెండు మిల్లీమీటర్ల లోపు. డిజిటల్ సరఫరా కాలికి ముందు 10 ఓములు. వడపోత పెట్టాలంటే సరఫరా తీగలో పెట్టాలి, గ్రౌండులో ఎప్పుడూ కాదు. రిఫరెన్సు తీగలు రెండూ కనెక్టరు ప్యాడ్‌ల నుంచే జంటగా వచ్చాయి.

అన్నిటికన్నా కష్టపడింది కింది పొరను ముక్కలు కాకుండా కాపాడడానికి. రెండు పొరల బోర్డులో ట్రాకులు ఎక్కడో ఒకచోట కిందికి దిగక తప్పదు. దిగిన ప్రతి ట్రాకును పొట్టిగా, అడ్డుగా కాక కరెంటు నడిచే దిశలోనే ఉండేలా తిప్పాను. అమరిక నాలుగుసార్లు మార్చాను. నాలుగు పొరల బోర్డు అయితే ఈ శ్రమ ఉండదు, లోపలి పొర ఒకటి పూర్తిగా గ్రౌండుకే ఇవ్వవచ్చు. ధర పెరుగుతుందని ఇక్కడ వెనక్కి తగ్గాను. మీ ఉత్పత్తి ధర భరించగలిగితే తగ్గకండి.

గ్రౌండును కోయడం ఎప్పుడూ తప్పే అని నేను అనడం లేదు. ఇంటి కరెంటు 230 వోల్టులను నేరుగా తాకే భాగం ఉంటే దాన్ని పూర్తిగా వేరు చేయాలి. అక్కడ ప్రాణం లెక్క. అప్పుడు చీలికను దాటేవి ఆప్టోకప్లర్లు (కాంతితో సంకేతం దాటించేవి), ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రమే, జీరో ఓమ్ కాదు. పదుల ఆంపియర్లు లాగే మోటారు డ్రైవరు అదే బోర్డు మీద ఉంటే దాని తిరుగుదారిని విడిగా సరఫరా దాకా తీసుకుపోవడం న్యాయం. కానీ ఒక మైక్రోకంట్రోలర్, రెండు డిస్‌ప్లేలు, ఒక ఏడీసీ ఉన్న అరచేతి బోర్డుకు కోత అనవసరం. ఒకే బోర్డు మీద రెండు మూడు ఏడీసీలు ఉంటే ఏడీసీ కింద ఒకే చోట కలపాలన్న మాటకు అసలు అర్థమే ఉండదు. ఏ ఏడీసీ కింద?

కొత్త బోర్డుతో మొదటి పది కాటాలు బయటకు వెళ్లే ముందు ప్రతిదానికీ ఎనిమిదుల పరీక్ష చేశాం. 20 కిలోల దగ్గర ఏ ఒక్కదానిలోనూ అర గ్రాముకు మించి కదల్లేదు. సీరియల్ కేబుల్ తగిలించినా తీసినా వణుకులో తేడా లేదు. పరీక్ష ప్రోగ్రామును ఇప్పుడు కాటాలోనే శాశ్వతంగా ఉంచాను. మీట రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే మెకానిక్ ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటి ఫిర్యాదు వచ్చిన యూనిట్‌కు నేనే స్వయంగా వెళ్లి కొత్త కాటా పెట్టాను. ఆవిడ రెండు డబ్బాలు ఎక్కించి పప్పు వేయడం మొదలుపెట్టింది. 21.095, 21.100, 21.105. ఇంకో నాలుగు గింజలు వేసింది. 21.110 పడి నిలిచింది. డబ్బాలు దించి, తర్వాతి జత అందుకుంది.